మా వియ్యంకుడు అడవిలోకి తెచ్చిన ఇంగ్లండు

జూన్ నెలలో ఒక పొద్దున, జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా అమ్మాయి వాళ్ళింటి కింద సామాన్ల గదిలో కూర్చుని మా వియ్యంకుడి సైకిలు వెనక చక్రానికి బెండు తీస్తున్నాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక తొక్కుతారని నా ఆశ. మెట్ల మీద అమ్మాయి దిగుతున్న చప్పుడు వినపడింది. ఎప్పుడూ రెండేసి మెట్లు ఒక్క అంగలో దిగే పిల్ల, ఆ రోజు ఒక్కో మెట్టు మీదా ఆగుతోంది. గుమ్మంలో నిలబడి, "నాన్నా, మావయ్య వెళ్ళిపోయారు" అంది. నేను "ఎక్కడికి?" అన్నాను. అంత తెలివితక్కువ ప్రశ్న ఇంతవరకూ ఎవర్నీ అడిగి ఉండను.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని అమ్మాయే అంది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

మా వియ్యంకుడు ఇంగ్లండు మనిషి. నలభై ఏళ్ళ క్రితం ఇంజనీరు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి, జర్మనీ ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని ఉండిపోయారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. ఆయన ఒక్కగానొక్క కొడుక్కి మా ఒక్కగానొక్క కూతుర్ని ఇచ్చాం. ఇచ్చాం అనడం మాటవరసకే లెండి. వాళ్ళిద్దరూ పాడర్‌బోర్న్‌లో కలిసి చదువుకున్నారు, వాళ్ళే నిర్ణయించుకున్నారు, మేము అక్షింతలు వేశాం. మనలో వియ్యంకులు ఒకర్నొకరు బావగారూ అని పిలుచుకుంటారని పెళ్ళిలో మా అమ్మాయి ఆయనకి చెప్పింది. అంతే! ఆ రోజు నుంచీ నన్ను ఇంకో మాటతో పిలవలేదు. సూపర్‌మార్కెట్లో కూరగాయల దగ్గర ఆయన, పాల దగ్గర నేను ఉంటే, అంత పొడుగు మనిషీ చెయ్యెత్తి "బావగారూ!" అని కేకేసేవారు. జర్మనీ వాళ్ళందరూ తిరిగి చూసేవారు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. తణుకులో కూడా నన్నెవరూ అంత గట్టిగా బావగారూ అనలేదు.

తణుకులో నాది సైకిలు షాపు. అద్దె సైకిళ్ళు, పంక్చర్లు, ఓవరాలింగు, ముప్పై అయిదేళ్ళు అదే పని. ఇంగ్లీషు అంటే నాకొచ్చింది సైకిలు సామాన్ల ఇంగ్లీషు. హబ్బు, చైను, ఫ్రీవీలు, బ్రేకు. ఆయనతో సగం మాటలకి అదే సరిపోయింది, మిగతా సగం చేతులతో, ముఖ్యమైనవి మా అమ్మాయితో చెప్పించుకునేవాళ్ళం. ఆయన దగ్గర అడవిలో తొక్కే లావు టైర్ల సైకిళ్ళు మూడుండేవి. నేను స్పోకుల్ని వేళ్ళతో మీటి, చప్పుడు విని, ఏది వదులో చెప్తుంటే ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని చూసేవారు. ఒకసారి ట్యూబుని మా అమ్మాయి బట్టల బేసినులో నీళ్ళు పోసి ముంచి, బుడగలొచ్చే చోటు చూపించాను. కంపెనీలో అంత పెద్ద మిషన్లు చూసిన మనిషి చప్పట్లు కొట్టారు!

ఇంత దగ్గరైన మనిషి దగ్గర నేనొక మాట దాచాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది అందుకే.

మేము మొదటిసారి ఇక్కడికి వచ్చిన వారానికి, ఆయన మమ్మల్ని ఊరి వెనక షోన్‌బుఖ్ అడవి అంచుకి తీసుకెళ్ళారు. నన్నూ మా ఆవిడనీ బెంచీ మీద కూర్చోబెట్టి, పైకి చూడమని వేలు చూపించారు. ఎత్తుగా గడ్డి వాలు, దాని పైన చెట్లు. ఆ చెట్లలోంచి ఒక సైకిలు బయటికొచ్చింది. దాని మీద ఎర్ర హెల్మెట్టు పెట్టుకున్న ముప్పై ఒక్కేళ్ళ నా కూతురు! సీటు మీంచి కాస్త లేచి, మోచేతులు విప్పుకుని, గాలిలా దిగొచ్చింది. మా ముందుకొచ్చి బ్రేకు కొట్టి, "ఎలా ఉంది?" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి వెళ్ళి మా వియ్యంకుణ్ణి కౌగిలించుకున్నాను. ఆయనకి అలవాటు లేదు పాపం, కరెంటు స్తంభాన్ని పట్టుకున్నట్టే ఉంది. కాసేపటికి ఆ స్తంభం నా వీపు మీద రెండుసార్లు తట్టింది.

మా ఆవిడ ఊరుకుంటుందా! "ఊళ్ళో పిల్లలందరికీ సైకిళ్ళిచ్చారు. మన పిల్ల షాపు గుమ్మంలో పీటేసుక్కూర్చుని టైర్లు నొక్కి, గాలి తగ్గింది నాన్నా అని చెప్పేది. తొక్కించడానికి ఇంగ్లండాయన రావాల్సొచ్చింది. ఇప్పుడేడవండి" అంది.

అదండీ సంగతి. నా కూతుర్ని సైకిలు తొక్కనివ్వలేదు. పదకొండేళ్ళ వయసులో అడిగింది. మా వీధిలో ఒక ఆడపిల్ల పడి ముందు పళ్ళు విరగ్గొట్టుకున్న ఏడాది అది. షాపు చుట్టూ ఎప్పుడూ మగపిల్లలుండేవాళ్ళు, వాళ్ళ మధ్య ఆడపిల్ల తొక్కడమేమిటని కూడా అనుకున్నాను. వద్దన్నాను. ఇంకా అడిగితే కసిరాను. తర్వాత అడగడం మానేసింది. సైకిలు షాపాయన కూతురికి సైకిలు రాకపోవడమేమిటని పెళ్ళయ్యాక మా వియ్యంకుడు అడిగారట. "నాకు భయం మావయ్యా, అందుకే నేర్చుకోలేదు" అని చెప్పిందట. నా పరువు కాపాడింది. నేను కాదనలేదు. ఆ అబద్ధం కింద హాయిగా కూర్చున్నాను.

భయం అన్నందుకు ఆయన ఎంత ఓపిక పట్టారో! ఆరు నెలలు, ప్రతి శనివారం. ఆయన చెప్పే మాటలు మా అమ్మాయి నోట నేనూ నేర్చుకున్నాను. చెట్ల మధ్య నుంచి పోతున్నప్పుడు, "చెట్టుని చూడకు, సందుని చూడు. కళ్ళెటుపోతే సైకిలు అటే పోతుంది" అనేవారు. దారిలో గుర్రం మీద ఎవరైనా ఎదురొస్తే దిగి పక్కకి నిలబడి, గట్టిగా గుడ్ మార్నింగ్ చెప్పాలి. ఆ పలకరింపు పైనున్న మనిషికి కాదట, గుర్రానికి. హెల్మెట్టు కింద ఉన్నది మనిషేనని దానికి గొంతు విని తెలియాలట. ఇక్కడి నియమం ప్రకారం మరీ సన్నటి కాలిబాటల మీద సైకిలు తొక్కకూడదు. ఆయన దిగి నడిపించుకుని వెళ్ళేవారు. కనుచూపు మేరలో ఒక్క పిట్ట లేకపోయినా సరే, దిగేవారు. టీ మాత్రం ఎత్తు ఎక్కాకే. కిందే తాగుదామని నేనెంత బతిమాలినా ఫ్లాస్కు మూత తీసేవారు కాదు. ఎత్తెక్కాక ఒకసారి మా పూతరేకులు పెడితే, పైపొరలన్నీ కాగితమనుకుని ఒలిచి పక్కన పెట్టి, లోపలి బెల్లం ఒక్కటే తిని, చాలా బాగుందన్నారు. మా ఆవిడ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఏటా వేసవిలో ఆయన తన పుట్టిన ఊరికి వెళ్ళి, చిన్నప్పుడు తొక్కిన దారుల్లో తొక్కి వచ్చేవారు. అక్కడ కొండలంటే మన కొండలు కావు, దుప్పటి కింద పిల్లలు పడుకున్నట్టు మెత్తగా లేచి దిగే పచ్చటి నేలలు. పొలాల గట్ల మీద పొదల కంచెలు, గొర్రెలు, మధ్యలో అడవి. ఏప్రిల్లో ఆ అడవి నేలంతా నీలం పూలట. దారులన్నీ అట్టముక్కల మీద పెన్సిలుతో గీసేవారు. ఎక్కడ బురద, ఎక్కడ గేటు, ఎక్కడ నీళ్ళు తాగొచ్చు, అన్నీ. పోయినేడు, "బావగారూ, ఈసారి మీరూ రావాలి" అన్నారు. నాకోసం మోటారున్న సైకిలు అక్కడ అద్దెకి మాట్లాడారు. ముప్పై అయిదేళ్ళు అద్దె సైకిళ్ళిచ్చినవాణ్ణి, నాకే అద్దె సైకిలా! ఆ సంతోషంలో ఉన్ని టోపీ కొనుక్కున్నాను, ఎండాకాలమని ఎవరు చెప్పినా వినకుండా.

స్టుట్‌గార్ట్ ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గరున్న జర్మనీ పిల్ల నా పాసుపోర్టు అటూ ఇటూ తిప్పి, ఇంగ్లండు వీసా ఏదండీ అంది. ఇదే కదమ్మా అని జర్మనీ వీసా చూపించాను. ఇక్కడికి రానిచ్చినవాళ్ళు అక్కడికి రానివ్వరా అని నా ధీమా. అల్లుడికి పుట్టిన దగ్గర్నుంచీ వీసా అక్కర్లేదు. మా అమ్మాయికి ఆ మధ్యే జర్మనీ పాసుపోర్టు వచ్చింది, వీసా అన్న మాట మర్చిపోయిన ఆనందంలో ఉంది. ఒకరు చూశారని ఒకరు అనుకున్నారు. నేను టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. మీరు వెళ్ళిరండి, మేమిద్దరం ఇంట్లో ఉంటామన్నాను. మా వియ్యంకుడు ఒక్క నిమిషం ఆలోచించి, అందరి సామానూ కౌంటరు దగ్గర్నుంచి వెనక్కి తీయించారు. "ఎవరమూ వెళ్ళం. రేపు పొద్దున తొమ్మిదింటికి బావగారికి ఇంగ్లండు ఇక్కడే చూపిస్తాను" అన్నారు.

చూపించారండీ! అట్టముక్క చేత్తో పట్టుకుని, షోన్‌బుఖ్ అడవిలో ఇంగ్లండు పరిచారు. ఈ ఎత్తు మా ఊరి చర్చి వెనక ఎత్తు. ఈ నున్నటి బెరడు బీచ్ చెట్ల వరస మా నీలంపూల అడవి, పూలు మీరు అనుకోండి. ఈ వాగు అక్కడ కొంచెం లోతు, కాళ్ళెత్తండి. అంతా బాగానే ఉంది, గేట్లే లేవు. అక్కడ గొర్రెలు పోకుండా దారికి అడ్డంగా గేట్లుంటాయి, వాటిని ఎలా ఉన్నవాటిని అలాగే వదిలి వెళ్ళాలి, మూసున్నది మూసే వెళ్ళాలి. గేటు లేకుండా ఇంగ్లండు ఎలా అని ఆయన బెంగ. నన్ను ఎగాదిగా చూసి, "బావగారూ, మీరే గేటు" అన్నారు.

నేను దారి మధ్య నిలబడి ఒక చెయ్యి బారుగా చాపాను. ఆయన సైకిలు దిగి, నా చెయ్యి పట్టుకుని పక్కకి తెరిచి, దాటి, మళ్ళీ మూశారు. తర్వాత అల్లుడు. తర్వాత మా అమ్మాయి, నవ్వాపుకోలేక. మా ఆవిణ్ణి గొర్రెగా ఉండమని అడిగితే, "మీ ఇద్దర్నీ చూశాక ఇంకో గొర్రె ఎందుకులెండి" అంది. అంతలో కుక్కతో నడుచుకుంటూ ఒక జర్మనీ ముసలావిడ వచ్చింది. మా వియ్యంకుడు ఆవిడతో ఏదో అన్నారు. ఆవిడ చాలా మర్యాదగా నా చెయ్యి తెరిచి, కుక్కని దాటించి, చెయ్యి మళ్ళీ యథాస్థానంలో పెట్టి, "డాంకె" అని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది!

ఆ రోజు ఎత్తెక్కి టీ తాగుతున్నప్పుడు ఆయన మా అమ్మాయిని చూస్తూ నాతో అన్నారు, అంత భయపడే పిల్ల ఇంత ధైర్యం తెచ్చుకుందంటే అది మీ పెంపకమే అని. నేను కప్పు కింద పెట్టేశాను. అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. భయం నీది కాదనీ, తొక్కొద్దని ఆపింది నేనేననీ చెప్పు" అన్నాను. అమ్మాయి నా కళ్ళలోకి చూసింది. ఆయనతో ఇంగ్లీషులో ఒక చిన్న మాట అంది. ఆయన పెద్దగా నవ్వి నాకు ఇంకో బిస్కట్టిచ్చారు. తప్పు ఒప్పుకున్నవాడికి బిస్కట్టిస్తారా ఎవరైనా? దిగేటప్పుడు, ఏం చెప్పావే అని అడిగాను. "గేటుకి కాళ్ళు నొప్పులట అని చెప్పాను. ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ" అంది. నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటు.

చలికాలంలో ఆయనకి జబ్బు బయటపడింది. మే నెలలో మేము వచ్చేసరికి ఆస్పత్రి మంచం మీద, అంత పొడుగు మనిషి, దుప్పటి కింద ఉన్నారో లేరో అన్నట్టున్నారు. నన్ను చూసి "బావగారూ" అన్నారు. కేక లేదు, పెదాలు కదిలాయంతే. పోయినేడు నావల్లే కదా ఆయన తన ఊరి అడవిని చివరిసారి చూడలేకపోయారు. ఆ సంగతి అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు. గేటే నవ్వే ఇంగ్లండు నాకు అక్కడ కూడా దొరకదు అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నాం. అమ్మాయి బయట కారిడార్లో ఆఫీసు ఫోను మాట్లాడుతోంది. నేను మంచం పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. "బావగారూ, మై డాటర్, నో ఫియర్. ఐ స్టాప్. మై షాప్, ఫార్టీ సైకిల్స్. హర్, నో సైకిల్." అంతకన్నా నాకు మాటల్లేవు.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా తీసి తీసి చెప్పారు. ఆయనకి మొదటి రోజే తెలుసట! భయమున్నవాళ్ళు మొదటిసారి పడ్డప్పుడు లేచి సైకిలుకి దూరంగా జరుగుతారట. మా అమ్మాయి పడ్డచోటే కూర్చుని నవ్విందట. ఎన్నో ఏళ్ళు ఎవరో ఆపి ఉంచితే గానీ అలాంటి నవ్వు రాదన్నారు. తెలిసి కూడా మూడేళ్ళు నాకు టీ పోశారు, బావగారూ అన్నారు, నా చెయ్యి పట్టుకుని గేటు తెరిచారు.

తర్వాత ఆయన తల తలుపు వైపు తిప్పి, అమ్మాయితో చెప్పారా అని అడిగారు.

లేదన్నాను. ఆయనకి చెప్పడమే పెద్ద పని అనుకున్నాను గానీ, చెప్పాల్సింది మా అమ్మాయికని నాకు తట్టనే లేదు. సూదులు గుచ్చిన చేత్తో ఆయన కారిడార్ వైపు చూపించారు. వెళ్ళమని. నేను తలుపు దాకా వెళ్ళాను. అమ్మాయి ఫోనులో నవ్వుతూ మాట్లాడుతోంది. వెనక్కొచ్చి "టుమారో" అన్నాను. మర్నాడు నేను గదిలోకి వెళ్ళగానే కనుబొమలెత్తి అడిగారు. తల అడ్డంగా ఊపాను. ఆ మర్నాడూ అంతే. మూడో పొద్దునే అమ్మాయి ఆ మెట్లు దిగొచ్చింది. టుమారో అన్న మాట మీదే ఆయన్ని పంపించేశాను.

ఇక్కడ దహనం అయ్యాక బూడిద ఇంటికివ్వరు. శ్మశానంలోనే పాతాలి, దానికీ టెర్మిన్, అంటే ముందుగా అపాయింట్‌మెంటు, కావాలి. ఆ టెర్మిన్ మూడు వారాలకి దొరికింది. చిన్న గొయ్యి, తలా ఒక గుప్పెడు మట్టి. నా వంతు వచ్చినప్పుడు "బావగారూ" అని గట్టిగా పిలిచాను, ఆయన సూపర్‌మార్కెట్లో పిలిచినంత గట్టిగా. ఎవరూ తిరిగి చూడలేదు, అందరూ తలలు వంచుకునే ఉన్నారు.

ఆ సాయంత్రం అమ్మాయి, అడవి దాకా వెళ్ళొస్తానని సైకిలు తీసింది. నేనూ వస్తానన్నాను. తను సైకిలు నడిపించుకుంటూ, నేను పక్కన. బీచ్ చెట్ల వరస దగ్గరికి వచ్చాక ఆగాను.

"అమ్మా, నేనే నిన్ను ఆపాను. భయం నాది. ఊరందరి పిల్లలకీ ఇచ్చి నీకివ్వలేదు. తప్పు చేశాను, క్షమించు" అన్నాను. ఇంత చిన్న మాట. రోడ్డు దాటేంత సేపు కూడా పట్టలేదు.

అమ్మాయి సైకిలు ఆపి నావైపు తిరిగింది. "నాకు చాలా కోపం ఉండేది నాన్నా. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు షాపులో ఉన్న సైకిళ్ళన్నిటి బెల్లులూ వరసగా కొట్టేదాన్ని. పిల్ల ఆడుకుంటోంది అనుకునేవాడివి నువ్వు" అంది.

"మరి మావయ్యకి అబద్ధం ఎందుకు చెప్పావే?"

"నిన్నెవరైనా ఒక మాటంటే నేను పడలేను. అనాల్సింది నేను కదా."

"అయితే అను."

"అన్నాను కదా ఇప్పుడు." కళ్ళు తుడుచుకుని సైకిలెక్కింది. కాలు కింద పెట్టి ఆగి, "సీటు పట్టుకో" అంది.

"నీకెందుకే ఇప్పుడు? కొండలు దిగేదానివి."

"మావయ్య పెడళ్ళు ఊడదీసి, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పొమ్మని నేర్పారు. నా సీటు ఎవరూ పట్టుకోలేదు. పట్టుకో నాన్నా."

పట్టుకున్నాను. అమ్మాయి పెడలు తొక్కింది. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో నేను వెనకాల పరుగెత్తాను. పది అడుగులు, పన్నెండు. ఊపిరి అందలేదు, వదిలేశాను. ఆకుల మధ్య నుంచి సాయంత్రపు ఎండ పడుతోంది, అందులోంచి మా అమ్మాయి నిటారుగా కూర్చుని, చిన్నపిల్ల తొక్కినట్టు మెల్లగా తొక్కుకుంటూ పోతోంది. చూశారా బావగారూ అనబోయి పక్కకి తిరిగాను. దారి మీద నా నీడ ఒక్కటే ఉంది.

దూరం నుంచి, వెనక్కి తిరక్కుండానే అమ్మాయి కేకేసింది. "నాన్నా, పట్టుకునే ఉన్నావా?"

"పట్టుకునే ఉన్నానమ్మా" అన్నాను.